కారులో కన్ను.. వైఫైలో కన్నం

ఈసారి ముదిగుబ్బలో టీ తాగడానికి ఆగినప్పుడు ఒక పని చేయండి. ఫోన్‌లో వైఫై ఆన్ చేసి, దేనికీ కనెక్ట్ కాకుండా, జాబితాను మాత్రం చూస్తూ కూర్చోండి. అనంతపురం నుంచి కదిరి వెళ్లే 42వ నంబరు జాతీయ రహదారి ఈ ఊరి మీదుగానే పోతుంది. పుట్టపర్తి వైపు 342వ నంబరు రహదారి ఇక్కడే చీలుతుంది. కార్లు, ట్యాక్సీలు, లారీలు ఆగి కదిలే కొద్దీ ఆ జాబితాలో కొత్త పేర్లు వచ్చి మాయమవుతుంటాయి. కొన్ని పేర్లలో ఒక కెమెరా కంపెనీ పేరు, పక్కన నాలుగైదు అంకెలు కనిపిస్తాయి. అవే వైఫై డ్యాష్‌క్యామ్‌లు. ‘నేనిక్కడున్నా’ అని అవి దారి పొడవునా చాటుకుంటూ పోతున్నాయన్నమాట.

రెండు మూడు వేల రూపాయలకే దొరుకుతుండటంతో డ్యాష్‌క్యామ్ ఇప్పుడు సీటు కవర్ల మాదిరి మామూలు సామాను అయిపోయింది. 2023లో వచ్చిన హ్యుందాయ్ ఎక్స్‌టర్ లాంటి కార్లలో కంపెనీయే బిగించి ఇస్తోంది. కెమెరా ఉండటం మంచిదే. కానీ అది తీసే వీడియో పనికొస్తుందా? ఆ వీడియో ఇంకెవరి చేతికైనా చిక్కుతుందా? అందులో పడ్డ మనుషుల సంగతేంటి? ఉద్యోగాల వేటలో ఉన్న మీకు ఈ మూడు ప్రశ్నలూ ఎందుకు ముఖ్యమో చివర్లో చెప్తాను. ముందు మా ఇంట్లో జరిగింది వినండి.

చిన్నాయన పంపిన వీడియో

మా చిన్నాయన సొంత కారు ట్యాక్సీగా తిప్పుతాడు. ఎక్కువగా పుట్టపర్తి, బెంగళూరు ఎయిర్‌పోర్టు ట్రిప్పులు. ఒక రాత్రి ఓ కారు ఆయన బండిని పక్క నుంచి గీసుకుంటూ పోయి, ఆగకుండా వెళ్లిపోయింది. మర్నాడు పొద్దున్నే వాట్సాప్‌లో వీడియో, వెంటనే ఫోను. ‘‘రేయ్, ఆ బండి నంబరు తీసియ్యిరా. నువ్వు కంప్యూటరు చదివినోడివే గదా. స్టేషన్లో ఇయ్యల్ల.’’

నంబరు ప్లేటు ఉండాల్సిన చోట తెల్లటి మచ్చ ఒకటే ఉంది. ‘ఒరిజినల్ ఫైల్ కావాలి చిన్నాయనా’ అని మెమరీ కార్డు తెప్పించుకున్నాను. అందులో కొంచెం నయం, చివరి రెండు అంకెలు మాత్రం తెలిశాయి. అవి చాలవు.

కార్డులో వెతుకుతుంటే ఇంకోటి బయటపడింది. ముందురోజు ఎక్కిన ప్యాసింజరు ఒకరు ఫోన్‌లో ఎవరికో తన ఇంటి అడ్రసు, ఓటీపీ గట్టిగా చెప్తున్నారు. కెమెరాకు మైకు ఉందని, అది రికార్డు చేస్తోందని ఆ ప్యాసింజరుకే కాదు, చిన్నాయనకూ తెలీదు. నేను వెంటనే ఆపేశాను. కెమెరా వైఫై పాస్‌వర్డ్ ఏంటని అడిగితే ‘‘అట్టలో కాగితం మీద ఉండేది, అదే’’ అన్నాడు. ఒకటి నుంచి ఎనిమిది వరకు వరుస అంకెలు! కావాల్సిన నంబరు దొరకలేదు కానీ, అక్కర్లేని మాటలు మాత్రం స్పష్టంగా ఉన్నాయి. డ్యాష్‌క్యామ్‌ల కథ మొత్తం ఇందులోనే ఉంది.

నంబరు ఎందుకు కనపడదు?

‘4కే’, ‘ఫుల్ హెచ్‌డీ’ అని పెట్టె మీద చూసి కొంటాం. ఒక చిన్న లెక్క వేద్దాం. కెమెరా అడ్డంగా 140 డిగ్రీల మేర చూస్తుందనుకోండి. 1080పీ వీడియోలో అడ్డంగా 1920 పిక్సెళ్లు. అంటే డిగ్రీకి దాదాపు 14. కారు నంబరు ప్లేటు వెడల్పు 50 సెంటీమీటర్లు. పది మీటర్ల దూరంలో అది మూడు డిగ్రీల కంటే తక్కువ చోటే ఆక్రమిస్తుంది, అంటే సుమారు 39 పిక్సెళ్లు. ‘ఏపీ 39’తో మొదలయ్యే మన నంబర్లలో పది అక్షరాలు, అంకెలు ఉంటాయి. ఒక్కోదానికి దక్కేది నాలుగు పిక్సెళ్లే! వాటితో మూడుకీ ఎనిమిదికీ తేడా తెలియడం అసాధ్యం. నిజమైన 4కే అయితే అది ఎనిమిదికి దగ్గరవుతుంది, అప్పుడు కూడా చదవడం కష్టమే. ఇక బైకు వెనక ప్లేటు వెడల్పు 20 సెంటీమీటర్లే. అదే పది మీటర్లలో 1080పీ కెమెరాకు అది 16 పిక్సెళ్ల ముక్క.

రాత్రయితే ఇంకో చిక్కు. వెలుతురు తక్కువైతే కెమెరా ఒక్కో ఫ్రేమునూ ఎక్కువసేపు ఎక్స్‌పోజ్ చేస్తుంది. గంటకు 72 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 20 మీటర్లు. సెకనులో 30వ వంతు ఎక్స్‌పోజర్ అంటే ఆ కాస్త సమయంలోనే బండి 67 సెంటీమీటర్లు కదిలిపోతుంది. అక్షరాలు సాగిపోయి గీతలవుతాయి. పైగా హై సెక్యూరిటీ ప్లేట్లు హెడ్‌లైటు వెలుగును తిరిగి కొడతాయి కాబట్టి తెల్లటి మచ్చ అవుతాయి. చిన్నాయన వీడియోలో నేను చూసింది అదే.

కాబట్టి కొనేటప్పుడు పిక్సెళ్ల సంఖ్య ఒక్కటే చూడకండి. లోపలి సెన్సర్ ఏంటో అడగండి. రెండు మెగాపిక్సెళ్ల సెన్సర్ చిత్రాన్ని సాఫ్ట్‌వేర్‌తో సాగదీసి 4కే అని అమ్మేవాళ్లున్నారు. 4కే వీడియోకు సెన్సర్‌లోనే ఎనిమిది మెగాపిక్సెళ్లు ఉండాలి. సోనీ స్టార్‌విస్ లాంటి తక్కువ వెలుతురు సెన్సర్, హెచ్‌డీఆర్ ఉంటే రాత్రిపూట తేడా కనిపిస్తుంది. కోణం మరీ వెడల్పు ఉన్న కెమెరా గొప్పదనుకోవద్దు. కోణం పెరిగే కొద్దీ ప్లేటుకు దక్కే పిక్సెళ్లు తగ్గుతాయి.

నాణ్యతకు బిట్‌రేట్ కూడా కావాలి. సెకనుకు 15 మెగాబిట్ల వీడియో గంటకు దాదాపు 6.75 జీబీ తింటుంది. 64 జీబీ కార్డులో తొమ్మిది గంటలు పడుతుంది. 40 మెగాబిట్ల 4కే అయితే గంటకు 18 జీబీ, అంటే అదే కార్డు మూడున్నర గంటల్లో నిండి పాత ఫైళ్లను చెరిపేయడం మొదలుపెడుతుంది. ముదిగుబ్బ నుంచి బెంగళూరు వెళ్లి వచ్చేసరికి పొద్దున జరిగింది ఉండదు. ఏదైనా జరిగితే ఆ ఫైల్‌ను అక్కడికక్కడే లాక్ చేయాలని చెప్పేది ఇందుకే.

యాప్‌లో కనిపించే వీడియోను నమ్ముకుని కెమెరాను తిట్టకండి. వైఫై మీద నడవాలని చాలా యాప్‌లు తక్కువ నాణ్యత ప్రివ్యూను చూపిస్తాయి. దాన్ని స్క్రీన్ రికార్డు చేసి వాట్సాప్‌లో వీడియోగా పంపితే ఇంకోసారి కుదించుకుపోతుంది. అసలు ఫైల్ కార్డులోనే ఉంటుంది.

ఆ నంబరు విలువ ఎంత?

రోడ్డు రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వీళ్లలో 30 వేల మందికి పైగా హిట్ అండ్ రన్ ఘటనల్లో పోయినవాళ్లే. గుద్దిన బండి ఏదో తెలియకపోతే, 2022 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న పథకం కింద మృతుడి కుటుంబానికి వచ్చేది 2 లక్షల రూపాయలు. తీవ్రంగా గాయపడితే 50 వేలు. అదే బండి నంబరు తెలిస్తే కుటుంబం మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌కు వెళ్లి, చనిపోయిన మనిషి వయసు, సంపాదన లెక్కన ఇన్సూరెన్స్ కంపెనీ నుంచి పరిహారం అడగొచ్చు. అందుకే వీడియో క్వాలిటీ అనేది గ్యాడ్జెట్ ముచ్చట కాదు. అక్షరానికి నాలుగు పిక్సెళ్లా, పన్నెండు పిక్సెళ్లా అనే తేడా మీద ఒక ఇంటి భవిష్యత్తు ఆధారపడొచ్చు.

2025 అక్టోబరు 24న కర్నూలు జిల్లా చిన్నటేకూరు దగ్గర 44వ నంబరు జాతీయ రహదారిపై ప్రైవేటు బస్సు తగలబడిన ఘోరం గుర్తుందా? ప్రమాదంలో ఉన్న బైకు అంతకుముందు ఓ పెట్రోలు బంకులో ఆగిన సీసీటీవీ దృశ్యాలు గంటల్లోనే అందరి ఫోన్లలోకి వచ్చేశాయి. కెమెరా దర్యాప్తుకు ఎంత అవసరమో ఆ ఘటన చూపించింది. ఓ దృశ్యం దర్యాప్తు అధికారి దగ్గర ఉండటానికీ, ఊరందరి ఫోన్లలో తిరగడానికీ ఉన్న తేడానూ చూపించింది.

తాళం ఉంది, చెవి గుమ్మానికే వేలాడుతోంది

వైఫై డ్యాష్‌క్యామ్ నిజానికి ఒక చిన్న కంప్యూటర్. చాలావాటిలో లినక్స్ కానీ, దానికంటే చిన్న ఆపరేటింగ్ సిస్టమ్ కానీ నడుస్తుంది. అదే ఓ హాట్‌స్పాట్ పెడుతుంది. మన ఫోన్ దానికి కనెక్టయ్యి ఫైళ్లు దించుకుంటుంది. బలహీనత మొదలయ్యేది ఇక్కడే.

మొదటిది, డీఫాల్ట్ పాస్‌వర్డ్. ఒక మోడల్ కెమెరాలన్నిటికీ ఒకటే ఉండొచ్చు, అది మాన్యువల్‌లోనే అచ్చయి ఉండొచ్చు. ఎనిమిది అంకెల పాస్‌వర్డ్ పెట్టుకున్నా మొత్తం అవకాశాలు 10 కోట్లే. మంచి గ్రాఫిక్స్ కార్డుకు అది నిమిషాల పని. అదే అక్షరాలు, అంకెలు కలిపి 12 పెడితే ఆ దారి దాదాపు మూసుకుపోతుంది.

రెండోది, లోపలి తలుపు. కొత్త ఫోన్ కనెక్టయితే కెమెరా మీద బటన్ నొక్కమని కొన్ని కంపెనీలు అడుగుతాయి. వినడానికి బాగుంది. కానీ ఆ తనిఖీ యాప్‌లో మాత్రమే ఉండి, ఫైళ్లు ఇచ్చే సర్వర్ ఎవరడిగినా ఇచ్చేస్తుంటే? సింగపూర్‌కు చెందిన భద్రతా పరిశోధకులు డజనుకు పైగా బ్రాండ్ల డ్యాష్‌క్యామ్‌లను పరీక్షించి ఇలాంటి లోపాలనే 2025 బ్లాక్ హ్యాట్ ఆసియా సదస్సులో వివరించారు. ఫాస్ట్‌ఫుడ్ డ్రైవ్ త్రూ వరుసలో కారు ఆగి ఉండే ఆ కొద్ది నిమిషాల్లోనే వీడియోలు లాగేయొచ్చని చూపించారు. మనకు డ్రైవ్ త్రూలు తక్కువే. కానీ టోల్ గేటు, రైల్వే గేటు, టీ కొట్టు ఉన్నాయి కదా!

మూడోది, క్లౌడ్. సిమ్‌తో నడిచే కెమెరాలకు పక్కన నిలబడాల్సిన పని కూడా లేదు. బ్లాక్‌వ్యూ అనే కంపెనీ యాప్ ద్వారా దాని వినియోగదారుల్లో కొందరు ఎక్కడెక్కడ తిరుగుతున్నారో అపరిచితులు చూడగలుగుతున్నారని 2020 జనవరిలో బయటపడింది. నెక్సార్ అనే కంపెనీ క్లౌడ్‌లోకి ఓ హ్యాకర్ చొరబడి, కార్లలోని వీడియోలు చూడగలిగిన సంగతి 2025లో వెలుగులోకి వచ్చింది.

కెమెరా లేకుండానే కారు చిక్కిన కథా ఉంది. 2024 జూన్‌లో అమెరికాలో నలుగురు పరిశోధకులు కియా వెబ్ పోర్టల్‌లో ఓ లోపం కనిపెట్టారు. నంబరు ప్లేటు తెలిస్తే చాలు, కారు తలుపులు దూరం నుంచి తీయొచ్చు, యజమాని వివరాలు చూడొచ్చు. కంపెనీ సరిదిద్దాకే వాళ్లు సెప్టెంబరులో ఆ సంగతి బయటపెట్టారు. మన పెనుకొండ దగ్గర ఎర్రమంచి ప్లాంటుకు దీంతో సంబంధం లేదు. కానీ ఆ ప్లాంటులో ఉద్యోగం చేయాలనుకునేవాళ్లు తెలుసుకోవాల్సింది ఒకటుంది. ఇవాళ కారంటే ఇనుముతో పాటు సాఫ్ట్‌వేర్ కూడా.

ఎవరి మాటలు, ఎవరి చేతిలో?

వీడియోలో జీపీఎస్ ఉంటే రోజూ మొదటి ఫైలు, చివరి ఫైలు చూస్తే చాలు, మీ ఇల్లెక్కడో తెలిసిపోతుంది. మైకు ఉంటే లోపలి మాటలన్నీ వెళ్తాయి. లోపలికి తిరిగిన కెమెరా ఉంటే ప్యాసింజర్ల ముఖాలూ, నిద్రపోతున్న పిల్లలూ పడతారు.

వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కేనని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం పుట్టస్వామి కేసులో తేల్చింది. తర్వాత 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. దాని నియమాలు 2025 నవంబరులో నోటిఫై అయ్యాయి. ప్రధాన బాధ్యతలు అమల్లోకి రావడానికి 18 నెలల గడువు ఇచ్చారు. డేటాకు తగిన భద్రత కల్పించని సంస్థకు 250 కోట్ల రూపాయల దాకా జరిమానా పడొచ్చు. అయితే ఒక వ్యక్తి సొంత, ఇంటి అవసరాల కోసం వాడుకునే డేటాకు ఈ చట్టం వర్తించదు. కుటుంబంతో తిరిగే కారు కెమెరాకు ఈ మినహాయింపు సరిపోవచ్చు. డబ్బు తీసుకుని మనుషులను ఎక్కించుకునే ట్యాక్సీ, వంద బండ్లు నడిపే ట్రావెల్స్ ఇది మా ఇంటి అవసరమే అని చెప్పుకోవడం మాత్రం కష్టం.

ఇందులో డ్రైవర్ల కోణాన్ని మనం తరచూ మర్చిపోతాం. పెద్ద ఫ్లీట్లలో కెమెరా రోడ్డుతో పాటు డ్రైవరునూ చూస్తుంది. ఆవులించాడా, ఫోన్ పట్టుకున్నాడా అని మార్కులు వేస్తుంది. నిద్రమత్తు ప్రమాదాలు తగ్గుతాయంటే ఎవరూ వద్దనరు. కానీ ఆ మార్కులతో జీతం కోసేటప్పుడు తన వీడియో చూసుకునే, అభ్యంతరం చెప్పుకునే అవకాశం డ్రైవరుకు ఉండాలి కదా.

జర్మనీ వెళ్లాలనుకుంటున్నారా? అక్కడ అన్నివేళలా రికార్డు చేయడం డేటా రక్షణ నియమాలకు విరుద్ధమని, అయినా ప్రమాద కేసులో ఆ వీడియోను సాక్ష్యంగా పరిశీలించొచ్చని అత్యున్నత సివిల్ న్యాయస్థానం 2018 మేలో చెప్పింది. హక్కు, అవసరం రెండూ నిజమేనని ఒప్పుకున్న తీర్పు అది.

కోర్టులో నిలబడాలంటే..

2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్‌లో 63వ సెక్షన్ ఎలక్ట్రానిక్ సాక్ష్యాల గురించి చెప్తుంది. వీడియోతో పాటు ఒక సర్టిఫికెట్ ఇవ్వాలి. అందులో ఫైల్ హ్యాష్ విలువ రాయాలి. హ్యాష్ అంటే ఫైల్‌కు వేలిముద్ర లాంటిది. ఒక్క బిట్ మారినా ఎస్‌హెచ్‌ఏ-256 హ్యాష్ పూర్తిగా మారిపోతుంది. వాట్సాప్‌లో కుదించిన వీడియో కంప్యూటర్ లెక్కలో కొత్త ఫైల్. కాబట్టి మెమరీ కార్డు తీసి జాగ్రత్త చేయండి. ఫైల్‌ను కాపీ చేసుకుని, అప్పుడే హ్యాష్ తీసి రాసిపెట్టుకోండి. ఎడిట్ చేయొద్దు, పేరు కూడా మార్చకపోవడమే మేలు.

తయారీదారును ఎవరు అడగాలి?

పాస్‌వర్డ్ మార్చుకోలేదని చిన్నాయనను తిట్టడం తేలిక. కానీ అన్ని పెట్టెల్లోనూ ఒకే పాస్‌వర్డ్ పెట్టి అమ్మినవాడి తప్పు ముందు కదా! బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 29 నుంచి ఇలాంటి ఉమ్మడి డీఫాల్ట్ పాస్‌వర్డ్‌లతో స్మార్ట్ వస్తువులు అమ్మడం చట్టవిరుద్ధం. మన దేశంలోనూ సీసీటీవీ కెమెరాలకు 2025 ఏప్రిల్ నుంచి భద్రతా పరీక్షలు తప్పనిసరి చేశారు. గోడ మీది కెమెరాకు ఉన్న ఆ కట్టడి అద్దం మీది కెమెరాకూ స్పష్టంగా ఉండాలి. నా అభిప్రాయంలో పెట్టాల్సిన షరతులు మూడే. ప్రతి కెమెరాకూ వేరే పాస్‌వర్డ్, మొదటిసారి ఆన్ చేసినప్పుడు మైకు ఆఫ్‌లో ఉండటం, ఎన్నేళ్లు అప్‌డేట్లు ఇస్తారో పెట్టె మీద రాయడం.

మీకు ఇందులో పనేంటి?

ఈ చిన్న పెట్టెలో అరడజను ఉద్యోగాలున్నాయి. చిత్రం నాణ్యత తీర్చిదిద్దే ఇమేజ్ ట్యూనింగ్, ఫర్మ్‌వేర్, ఎంబెడెడ్ లినక్స్, కంప్యూటర్ విజన్, క్లౌడ్, ఐవోటీ భద్రతా పరీక్షలు, డిజిటల్ ఫోరెన్సిక్స్, డేటా రక్షణ నియమాల అమలు. డ్రైవర్ భద్రత కోసం ఏఐ కెమెరాలు చేసే నెట్రాడైన్, లైట్‌మెట్రిక్స్ లాంటి సంస్థలు మనకు దగ్గర్లోని బెంగళూరులో పనిచేస్తున్నాయి. వాహన కంపెనీల ఇంటర్వ్యూలకు వెళ్తుంటే ఐఎస్‌వో/ఎస్‌ఏఈ 21434 ప్రమాణం, ఐక్యరాజ్యసమితి ఆర్155 నిబంధన, మన దేశ ఏఐఎస్-189 గురించి చదివి వెళ్లండి. మూడూ వాహనాల సైబర్ భద్రతవే. ఐవోటీ పనికి వెళ్తుంటే ఓవాస్ప్ ఐవోటీ టాప్ 10 జాబితా చదవండి. అందులో మొదటి లోపం ఏంటో తెలుసా? సులువుగా ఊహించగల పాస్‌వర్డ్‌లే! ఎంబెడెడ్, సెక్యూరిటీ రంగాల్లో సీ-డ్యాక్ పీజీ డిప్లొమాలు ఉన్నాయి, ప్రవేశం సీ-క్యాట్ పరీక్షతో.

ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుకు ఐడియా లేదంటారా? సొంత కెమెరాతో ఐదు, పది, పదిహేను మీటర్ల దూరంలో, పగలూ రాత్రీ నంబరు ప్లేటు ఎంతవరకు చదవగలమో కొలవండి. రోడ్డు మీది ముఖాలను ఆటోమేటిగ్గా మసకబార్చే ప్రోగ్రాం రాయండి. మెమరీ కార్డు పెట్టగానే హ్యాష్‌లు తీసి పట్టిక తయారుచేసే యాప్ చేయండి. ఎఫ్‌ఎఫ్‌ప్రోబ్, వైర్‌షార్క్, ఎన్‌మ్యాప్ అన్నీ ఉచితమే. దించుకున్న ప్రాజెక్టు రిపోర్టు కంటే మీరు స్వయంగా కొలిచిన పది లెక్కలు ఇంటర్వ్యూలో ఎక్కువసేపు మాట్లాడిస్తాయి.

ఒక హెచ్చరిక. పక్కవాడి కెమెరాకు సరదాగా కూడా కనెక్ట్ కావొద్దు. అనుమతి లేకుండా చొరబడటం ఐటీ చట్టం 43, 66 సెక్షన్ల కింద నేరం. మూడేళ్ల దాకా జైలు, 5 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. కేసు ఒకటి మీద పడితే ఉద్యోగానికి చేసే వెరిఫికేషన్ దగ్గరే ఆగిపోతారు. మీ కెమెరాలో లోపం దొరికితే కంపెనీకి రాయండి. స్పందించకపోతే సెర్ట్-ఇన్‌కు తెలపండి.

ఈ ఆదివారం ఇంట్లో చేయాల్సినవి

- డ్యాష్‌క్యామ్ వైఫై పాస్‌వర్డ్ మార్చండి. అక్షరాలు, అంకెలు కలిపి 12కు తగ్గకుండా.
- అవసరమైనప్పుడే వైఫై ఆన్ చేయండి. రికార్డింగ్‌కు వైఫై అక్కర్లేదు.
- మైకు ఆఫ్ చేయండి. ట్యాక్సీ అయితే ‘కెమెరా ఉంది’ అని కనిపించేలా రాసి అంటించండి.
- తేదీ, సమయం సరిచూడండి. తప్పు తేదీ ఉన్న వీడియో మీకే ఎదురు తిరుగుతుంది.
- హై ఎండ్యూరెన్స్ కార్డు వేయండి. మన ఎండలకు బ్యాటరీ కంటే సూపర్ కెపాసిటర్ ఉన్న కెమెరా మేలు.
- కారు అమ్మేటప్పుడు కార్డు తీసేసి, కెమెరాను రీసెట్ చేయండి.

చిన్నాయన కెమెరాకు ఇవన్నీ చేసిచ్చాను. గీసుకుపోయిన బండి మాత్రం దొరకలేదు. పోయిన నెల ఇంటికి వెళ్తే, బండి వెనక అద్దం మీద ఆయనే స్వయంగా రాయించిన స్టిక్కరు కనిపించింది. ‘ఈ బండిలో కెమెరా ఉంది. మాటలు రికార్డు కావు’. ‘‘ఎక్కినోళ్లు మొదట అదే చదువుతారు రా. చదివినాక నెమ్మదిగా కూర్చుంటారు’’ అన్నాడు.